పన్నులేని రాజ్యంలో పన్ను నంబరు పోరు

క్రేన్లు కోటబురుజుల్లా ఆకాశాన్ని పొడుస్తుండగా, ఇసుకలోంచి ఒక్కొక్క స్టేడియం శత్రుదుర్భేద్య దుర్గంలా పైకి లేస్తుండగా, ప్రపంచకప్పు అనే మహోత్సవం కోసం దోహా మహానగరం తన రోడ్లను తానే తవ్వుకుని, పూడ్చుకుని, ఏదో మరిచిపోయినట్టు మళ్ళీ తవ్వుకుంటున్న ఆ ధూళిధూసరిత కాలంలో, తేమగాలి కళ్ళద్దాలను గుడ్డివి చేసే ఒకానొక ఉదయాన, అల్ మన్సూరాలోని ఒక ఇరుకు ఫ్లాట్ నుంచి ఒక వీరనారి యుద్ధానికి బయలుదేరింది.

ఆమె పేరు లలితకుమారి. జగిత్యాల ఆడపడుచు, మెసయీద్ ఎరువుల కర్మాగారంలో పనిచేసే నర్సింగ్ ధర్మపత్ని, గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాల విక్రయవిద్యా విశారద. కంపెనీ ఆమెకు జీతం ఇవ్వదు. 'స్వతంత్ర కన్సల్టెంట్' అనే బిరుదు మాత్రం ఇచ్చింది. బిరుదుకు ఖర్చేముంది!

ఆమె ఆయుధాగారం ఇంట్లోనే ఉంది. ఫుట్‌బాల్ బొమ్మ వేసిన మెరూన్ రంగు టిఫిన్ డబ్బాలు, కప్పు మోజులో ఎగబడి కొంటారని ఆమె ముందే తెచ్చిపెట్టుకున్నవి, హాలును జయించి, పడకగదిని ముట్టడించి, వంటింటి సరిహద్దుల్లో గుడారాలు వేశాయి. నర్సింగ్ వాటి మధ్య సందులో పడుకుంటున్నాడు.

"ఈ మేళాల అమ్ముడుపోకుంటే ఊరికి పార్సిల్ చేసుడే," అన్నాడాయన గుమ్మంలో నిలబడి. "డబ్బాలనా, నిన్నా అన్నది నేను జెప్ప. ఇంకోటి ఇను. ఆ ఫారంల పన్ను నంబర్ అడుగుతరంట, దొంగ నంబర్లు గింబర్లు రాయకు. నా వీసా మీదికొస్తది."

ఇదీ యుద్ధకారణం. అల్ అజీజియాలో ఒక హాలులో జరగబోయే అమ్మకాల మేళాలో ఒక టేబులు గెలవాలి. మేళాకు ఒక శాసనముంది: ఒక కంపెనీకి ఒక్కటే టేబులు, ఒక్కరే కన్సల్టెంట్.

అయ్యో! అదే కంపెనీ డబ్బాలమ్మే మరో యోధురాలు అప్పటికే పేర్ల నమోదు వరుసలో ముందు నిలబడి ఉంది. భీమవరం సుహాసిని! ఇద్దరినీ ఈ వ్యాపారంలోకి దింపింది ఒకే పెద్దక్క. అందువల్ల ఇద్దరూ అక్కాచెల్లెళ్ళు. అందువల్లే పడదు.

"అక్కా, మీరూ వచ్చారా! ఎండలో ఎందుకండీ శ్రమ? నేను వెళ్తున్నానని పెద్దక్క చెప్పలేదా?"

"చెప్పింది చెల్లె. గందుకే ఉరికొచ్చిన."

బల్ల వెనుక ద్వారపాలిక అజ్రా, టోలీచౌకి బిడ్డ, ఫారాలను కవచంలా ముందు పేర్చుకుని కూర్చుంది. ఆ ఫారంలో, అడుగున, ఒక గడి. 'స్వతంత్ర కన్సల్టెంట్లు తమ పన్ను గుర్తింపు నంబరును తప్పక పేర్కొనవలెను.'

గమనించండి. జీతం మీద పన్ను అన్న మాటే లేని దేశం అది. మరి ఆ గడి ఎక్కడిది? పన్నులతో వర్ధిల్లే మరే దేశపు మేళా ఫారాన్నో ఎవరో దించేసి, ఆ దేశం పేరు తీసేసి, ఎంతో శ్రద్ధగా ఖతర్ అని రాశారు. శ్రద్ధ అక్కడితో అయిపోయింది.

సుహాసిని తొలి బాణం వేసింది. గడిలో ఏదో నంబరు నింపి ఇచ్చింది.

"ఇది మీ ఆయన పతాకా, అదే గుర్తింపు కార్డు, దాని మీది నంబర్ కదమ్మా," అంది అజ్రా. "డబ్బాలు ఆయన అమ్ముతారా?"

"ఆయనది నాదీ వేరా అండీ?"

"పెళ్ళిలో వేరు కాదు. ఫారంలో వేరు."

బాణం విరిగింది. లలితకుమారి వంతు వచ్చింది. ఏదో ఒక అంకెల వరుస రాసి పారేద్దామని ఆమె వేళ్ళు ఒక్క క్షణం తహతహలాడాయి. నర్సింగ్ వీసా కళ్ళ ముందు మెదిలింది. వేళ్ళు ఆగాయి. గొంతు లేచింది. కొంగు నడుముకు బిగించి, ఏసీ యంత్రాల ఘోషను సైతం అణచివేస్తూ ఆ రణరంగధీర ఇలా గర్జించింది:

"అజ్రా బీ! జర ఇను. పన్ను లేదనే గదా మా ఊరోళ్ళు సగం మంది ఇమానం ఎక్కింది! లేని పన్నుకు నంబరు యాడికెల్లి తేవాలె? పుట్టని పిల్లగానికి బడిల పేరు రాయమంటవా? నీ నంబర్ చూపియ్యి. దాని పక్కపొంటే నాది రాస్త!"

హాలు స్తంభించింది. వెనక గోరింటాకు కోన్లమ్మే సుర్రయ్యా చప్పట్లు కొట్టబోయి, తన ఫారం ఇంకా పాస్ కాలేదని గుర్తొచ్చి చేతులు దించేసింది.

"నాకెక్కడిదమ్మా? నాదీ మాఫీ, లేనే లేదు," అంది అజ్రా. "కానీ గడి ఖాళీగా ఉండొద్దని ఆర్డర్." అంటూనే పైవారికి ఫోన్ కలిపింది. విన్నది. తల ఊపింది. ఫోన్ పెట్టేసింది.

"నంబర్ లేనివాళ్ళు గడిలో అడ్డగీత గీయొచ్చంట. కానీ ఆ కంపెనీ కన్సల్టెంట్లకు నిజంగా నంబర్ ఉండదని అదే కంపెనీది ఇంకో కన్సల్టెంట్ సాక్షి సంతకం పెట్టాల. సాక్షికి వేరే టేబుల్ రాదు. ఒక కంపెనీకి ఒకటే."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అదే కంపెనీ మనిషి ఆ హాలులో ఇద్దరిలో ఎవరికైనా ఒక్కరే ఉన్నారు. శత్రువు!

"నేను గీస్తాను, మీరు సంతకం పెట్టండక్కా."

"నువ్వు పెట్టు. నేను గీస్త."

"చిన్నదాన్ని కదా, ముందు నాకివ్వాలండి."

"పెద్దదాన్ని, నాకు మర్యాద ఇయ్యాలె."

"యల్లా అమ్మా, త్వరగా!" వెనకనుంచి సుర్రయ్యా అరిచింది. "నా కోన్లు ఎండిపోతున్నాయ్!"

అజ్రా లేచి నిలబడింది. "నేను నమాజుకు పోతున్నా. వచ్చేలోపు తేల్చకపోతే ఆ టేబుల్ వరుసలో ఉన్న కొవ్వొత్తులమ్మేవాళ్ళకు."

కొవ్వొత్తులవాళ్ళు అప్పటికే నవ్వుతున్నారు. లలితకుమారి దవడలు బిగించింది. పడకగదిలో బారులు తీరిన ఆ మెరూన్ సైన్యమంతా ఆమె మనసులో ఒక్కసారి కదం తొక్కింది.

"ఏం గావాలెనో చెప్పు," అంది.

"సగం టేబులు. తలుపు వైపు సగం."

"తలుపు నీకిస్తే నాకేముంటది?"

"గోడ ఉంటుందక్కా. ఆనుకోవచ్చు."

ఇద్దరు సేనానులు. ఒక బాల్‌పెన్ను.

"టేబుల్ నా పేరు మీద," అంది లలితకుమారి. "గీత నేనే గీస్త. నువ్వు సాక్షివి. ఫారంల నీ పేరు కింద, నా పేరు మీద."

"అలాగే అక్కా. మీద ఉండండి." సుహాసిని తియ్యగా సంతకం చేసింది.

అజ్రా తిరిగొచ్చింది, చూసింది, స్టాంపు ఎత్తింది. టప్! భేరీలు లేవు. ఏనుగులు లేవు. కొవ్వొత్తులవాళ్ళు మాత్రం రాజ్యం పోయిన రాజుల్లా చూశారు.

బయటికి రాగానే నర్సింగ్ ఫోన్.

"నంబర్ దొరికిందా?"

"నంబర్ లేదని దొరికింది."

"టేబుల్?"

"సగం. గోడ దిక్కు. ఏమనకు, రేపు పొద్దుగాల లేచి పెట్టెలు దించు."

కనుక చరిత్రకారులు రాసుకొందురు గాక, శాసనాలు చెక్కేవారు చెక్కుకొందురు గాక: పన్నులేని రాజ్యాన పన్ను గడి తెరుచుకుని నిలబడగా, ఎవరి వద్దా లేని దానిని తన వద్ద కూడా లేదని స్టాంపు సహితంగా రుజువు చేసి, పరమశత్రువు చేతనే సాక్షి సంతకం పెట్టించి, ఫారంలోని నంబరు గడిలో జగిత్యాల లలితకుమారి విజయపతాకం ఎగరేసింది. అడ్డంగా. ఒక్క గీత. కొంచెం వంకర.