మచ్చు పరుపు

ఆ గురువారం పొద్దున గోవిందమ్మ వేసుకున్న పథకం చిన్నదే. ఎమ్మిగనూరు బస్సు మధ్యాహ్నం వచ్చేలోగా ముందుగదిని మనిషి పడుకునే గది చెయ్యాలి. ఖర్చు మూడు రూపాయలు దాటకూడదు, ఎందుకంటే ఆ నెలాఖరుకు ఇంట్లో మిగిలినవి అవే.

ఈ పంతానికి కారణం నాయన రాసిన కార్డు. ఎమ్మిగనూరులో బట్టల అంగడి ఉన్న తిమ్మయ్యశెట్టి, మర్నాడు తెల్లవారుజామున కూతురుండే ఆదోనిలోనే చుట్టాల పెళ్ళికి రావాలి. "భోజనానికి మీ ఇంటికే వస్తాను. పడకకు సత్రం చూసుకుంటాను, మీకు ఇబ్బంది వద్దు" అని రాశాడు. కూతుర్ని పత్తి మండీ గుమాస్తాకిచ్చి నాలుగేళ్ళయినా ఒక్క రాత్రి ఆ ఇంట్లో ఉన్న మనిషి కాదు. అక్కడ కాళ్ళు చాపుకోను చోటుండదని పెళ్ళినాడే అన్నాడు. కూతురున్న ఊళ్ళో కన్నతండ్రి సత్రంలో పడుకుంటే అంతకన్నా తలవంపులు ఏముంటాయి? గోవిందమ్మ కార్డు రెండుసార్లు చదివి కొంగు బిగించింది.

చేతిలో డబ్బు లేనప్పుడే ఆమె బుర్ర పాదరసంలా పనిచేసేది. కిరసనాయిలు డబ్బాల చెక్కపెట్టెలు ఆరు జతచేస్తే మంచమైంది, ఏడోదాని మీద తువ్వాలు పరిస్తే బల్ల అయింది. పెళ్ళికి నాయన పెట్టిన ఎమ్మిగనూరు చీర కుచ్చెళ్ళ దగ్గర చిరిగితే, మంచి సగం తలుపుకు తెర అయింది. గోడకు పెచ్చులు ఊడిన చోటల్లా నీలం కాగితాలు అంటించింది. మండీలో కొనేవాళ్ళకు చూపే పత్తి మచ్చు మూటలకు చుట్టే కాగితాలవి, వాటి మీద రైతు పేరూ ఊరూ రాసి ఉంటాయి. దూరంనుంచి చూస్తే రాతలు కూడా పువ్వుల్లాగే ఉంటాయిలే అనుకుంది, నిజంగా అలాగే ఉన్నాయి.

మూడు రూపాయలూ దూది ఏకే బడే సాబు కోసం దాచింది. ఆయన పాత పరుపు విప్పి పెదవి విరిచాడు.

"ఇది పరుపు గాదమ్మా, బండ! ఎంత ఏకినా సగానికి గూడా రాదు."

"ఆ మూలలో ఉండే మచ్చు మూటలు గూడా కలిపెయ్యన్నా."

బేరం తెగి సరుకు అమ్ముడుపోయాక మచ్చు దూది గుమాస్తాకే చెందడం ఆ మండీలో ఆనవాయితీ. మొగుడు కాశీవిశ్వనాథం తెచ్చి మూల పడేసేవాడు, ఆమె వత్తులు చేసుకునేది. బడే సాబు ఒక మూటలోంచి చిటికెడు తీసి లాగి చూసి నోరు తెరిచాడు.

"ఇంత మంచి దూదిని నేను ఏకనమ్మా, పాపం తగులుతాది. ఇట్లే పైన పరుస్తా."

నాయన వచ్చాడు, భోంచేశాడు, సంచి చేతబట్టాడు. "ఎండ సల్లబడేదాకా నడుం వాల్చు నాయనా" అని గోవిందమ్మ తెర తొలగించింది. ఆయన గదిని చూశాడు, సంచి కింద పెట్టాడు. పరుపు మీద ఒరిగిన రెండు నిమిషాలకు గురక మొదలైంది. తెర ఇవతల గోవిందమ్మ ఆ గురక వింటూ కళ్ళు తుడుచుకుంది. నాలుగేళ్ళనుంచి ఆమె ఎదురుచూసింది ఆ చప్పుడుకే.

సరిగ్గా అప్పుడే కాశీవిశ్వనాథం రొప్పుతూ వచ్చాడు.

"గోవిందూ, రాత్రి నేను పెట్టిన మూట యాడ?"

"బేరం తెగిందే గదా?"

"తెగలేదే! ఆస్పరి రైతు గోవిందన్నది. సరుకంతా ఆస్పరిలోనే ఉండాది. కోయంబత్తూరు మిల్లు ఏజెంటు మచ్చు సూసి నాలుగింటి రైలుకు పోవాలంట. నా ఎంబడే వస్తాండాడు!"

గోవిందమ్మ తెర పక్కకు తీసింది. గోడమీద 'గోవిందన్న, ఆస్పరి' అని నీలం కాగితం. దాని కింద పరుపు. పరుపు మీద తిమ్మయ్యశెట్టి.

"నాయన్ను లేపితే సత్రానికి పోతాడు" అంది ఆమె, కత్తెర అతని చేతికిస్తూ. "లేపకుండా తీసుకోండి."

అల్లుడు కత్తెర పట్టుకుని మునివేళ్ళ మీద వెళ్ళి తలగడ పక్కన కుట్టు విప్పసాగాడు. తలగడ కింద తిమ్మయ్యశెట్టి డబ్బుసంచి ఉంది. ఆయన కళ్ళు తెరిచాడు.

"ఏమప్పా అల్లుడూ! అడిగితే నేను ఇయ్యనా? కత్తెర యాలప్పా?"

"డబ్బు గాదు మామా, దూది..."

ఇంతలో ఏజెంటు లోపలికి వచ్చేశాడు. చిరుగులోంచి పొంగిన దూది చిటికెడు తీసి, రెండు బొటనవేళ్ళ మధ్య లాగి చూశాడు. ముఖం వెలిగింది. బేరం తెగేదాకా రైతులు పత్తి మీదే పడుకోవడం ఆయన మార్కెట్టులో చూసినవాడే. పడుకున్న పెద్దాయనే గోవిందన్న అనుకున్నాడు.

"లేవండి పెద్దాయనా, ధర మాట్లాడుకుందాం."

"నేను లేయను! నాలుగేండ్లకు ఈ ఇంట్లో కునుకు పట్టింది."

"సరే, మండీ చెప్పిన ధరకు బస్తాకు అయిదు రూపాయలు కలుపుతాను."

ఏం అమ్ముతున్నాడో తిమ్మయ్యశెట్టికి తెలియదు. కానీ ముప్పై ఏళ్ళు అంగట్లో కూర్చున్నవాడు, ధర పెరుగుతుంటే లేవకూడదని తెలుసు. అడ్డంగా తల ఊపి అటు తిరిగి పడుకున్నాడు.

"పది" అన్నాడు ఏజెంటు.

కాశీవిశ్వనాథం ఇక చాలన్నట్టు కళ్ళతోనే మామకు దండం పెట్టాడు. ఆయన లేచాడు. ఏజెంటు పరుపు పైపొరంతా తువ్వాలులో మూటగట్టుకుని రైలుకు పోయాడు.

అడుగున మిగిలింది సగం పరుపుకు కూడా రాని పాత దూది. గోవిందమ్మ తల వంచుకుని జరిగిందంతా చెప్పింది. తిమ్మయ్యశెట్టి పెట్టెల మంచం చూశాడు, కాగితాలు చూశాడు, తాను పెట్టిన చీరను ఆనవాలు పట్టి అంచు తడిమాడు.

"సత్రానికి బండి పిలిపించేదా నాయనా?"

"సాప ఉండాదామ్మా?" అన్నాడు ఆయన.

తర్వాత ఎమ్మిగనూరులో అంగడికి వచ్చిన ప్రతివాడికీ ఆయన ఒకటే చెప్పేవాడు: "మా బిడ్డింట్లో పరుపును కోయంబత్తూరు మిల్లోళ్ళు రైల్లో వచ్చి కొనుక్కోని పోయినారప్పా!"

ఆ రాత్రి తాను కటికనేల మీద చాపేసుకుని పడుకున్న సంగతి మాత్రం, నడుం ఎన్నాళ్ళు నొప్పెట్టినా, ఎవరికీ చెప్పలేదు.