గాజులవీధిలో నిద్ర తనిఖీ

మంగళవారం నాడు గాజులవీధికి నిద్ర ట్యాంకరు ఆలస్యంగా వచ్చింది. పాలవాడి వెనకాలే రావలసిన బండి, ఎండ నెత్తికెక్కాక వీధి మలుపులో హారను కొట్టింది. అప్పటికే బిందెలు బడ్డీకొట్టు దాకా బారు తీరాయి. వాటి పక్కన ఆడవాళ్లు ఆవులిస్తూ, ఒకరి భుజం మీద ఒకరు వాలి, మనిషిని మనిషి తోసుకోకుండా మాటలతోనే తోసుకుంటున్నారు.

ఆ ఊళ్లో నిద్ర సరఫరా గురించి పెద్దగా ఫిర్యాదులు లేవు. ఇల్లు ఎవరి పేరు మీద ఉంటే వాళ్ల తలగడకు పైపు కనెక్షన్ ఉంటుంది. భోజనాలయ్యేసరికి నిద్ర దానంతటదే వచ్చేస్తుంది. పిల్లలకు వేరే కోటా. అది నేరుగా వాళ్ల పక్కలోకే వస్తుంది గానీ వాళ్లు దాన్ని ముట్టుకోరు. ముట్టుకోని నిద్రను ఇంకొకరికి బదిలీ చేయడానికి నిబంధనలు ఒప్పుకోవు. అయిదేళ్ల లోపు పిల్లలున్న తల్లులు ట్యాంకరు కేటగిరీ కిందికి వస్తారు. మనిషికి ఒక బిందె. నిద్ర పల్చటి గంజిలా తెల్లగా, గోరువెచ్చగా ఉంటుంది. గుడ్డ ముంచి కళ్ల మీద వేసుకుంటే చాలు.

కుసుమకు దాదాపు నెలగా బిందెడు నిద్ర దక్కడం లేదు. ఆమెకు మూడేళ్ల కూతురు చిన్ను, ఏడాది నిండని కొడుకు బాబి. ఒకసారి సరిగ్గా తన వంతు వచ్చేసరికి చిన్ను ముక్కులో పెసరగింజ దూర్చుకుంది. ఇంకోసారి బాబికి కడుపునొప్పి. మరోసారి బిందె నిండా పట్టుకుని ఇంటికి చేరింది గానీ, బాబికి బట్టలు మార్చి వచ్చేలోగా చిన్ను ఆ బిందెలో బొమ్మకు తలంటు పోసింది. ఆ బొమ్మ ఇంతవరకు కళ్లు తెరవలేదు.

నిద్ర లేని మనిషి ఎలా ఉంటుందో కుసుమ అలాగే ఉంది. ఫోన్ ఫ్రిజ్‌లో, పాలప్యాకెట్ బీరువాలో దొరికాయి. ఉప్మాలో రవ్వ బదులు బట్టల సబ్బుపొడి పోసి, నురగ వచ్చాక గానీ గుర్తుపట్టలేదు. ఇవన్నీ నవ్వుకునే సంగతులే. పోయిన శుక్రవారం మాత్రం ఆమె మెయిన్‌రోడ్డు దాటుతూ, ఎందుకు దాటుతోందో మరిచిపోయి నడిమధ్యలో ఆగిపోయింది. చంకలో బాబి. ఎదురుగా లారీ. డ్రైవరు బ్రేకు వేసి తిట్టిన తిట్లకు ఆమె "థాంక్సండి" అని చెప్పి వచ్చింది.

ఆమె భర్త గిరిధర్ మంచివాడు. ఆ మాట వీధంతా ఒప్పుకుంటుంది. "ఇవాళ పిల్లల్ని నేను చూసుకుంటా, నువ్వు హాయిగా పడుకో" అని ప్రతిరోజూ అంటాడు. ఆ మాట పూర్తయ్యేలోగా పైపులో ప్రెషరు వచ్చేస్తుంది. అందులో అతని తప్పేమీ లేదు.

అసలు ప్రమాదం వేరే ఉంది. నెల రోజులు నిద్ర లేకుండా బతికిన మనిషికి ఇక నిద్ర అవసరం లేదని నిద్ర సరఫరా శాఖ శాస్త్రీయంగా తేల్చింది. అలాంటివారి ఇంటికి తనిఖీ అధికారి వస్తాడు. ఆ సమయానికి మనిషి నిద్రలో కనిపిస్తే కోటా కొనసాగుతుంది. మెలకువగా కనిపిస్తే జీవితాంతం రద్దు. చివరింటి రేవతి పోయిన ఏడాది తలుపు తనే తీసి "రండి సార్, కూర్చోండి" అంది. అక్కడికక్కడే రద్దయింది. అప్పటి నుంచి ఆమె పడుకున్నది లేదు. వీధిలో బైకులకు ఆమే కాపలా.

కుసుమ ఇంటికి తనిఖీ ఆ మంగళవారం మధ్యాహ్నమే.

వరసలో ఆమె ముందున్నావిడ బిందె నిండింది. కుసుమ తన బిందె పైపు కింద పెట్టింది. పైపు రెండుసార్లు దగ్గి ఊరుకుంది.

"అయిపోయిందమ్మా" అన్నాడు ట్యాంకరు అబ్బులు.

"అయిపోవడమేంటి బాబూ? ఇప్పుడేగా ఆవిడకి నిండా పట్టావు!"

"పైనుంచి వచ్చిందే అంత. దాంట్లో సగం కాలవగట్టు మీద కారిపోయింది. రెండు గేదెలూ ఒక కానిస్టేబులూ ఇంకా లేవలేదు. నన్నేం చెయ్యమంటావ్ చెప్పు?"

కుసుమ ఖాళీ బిందెలోకి చూస్తూ నిలబడింది. ఆ నిలబడటం చూసి ఎస్తేరు ఆంటీ అరుగు దిగి వచ్చింది.

ఎస్తేరు ఆంటీకి బిందెతో పనిలేదు. వాళ్లాయన పోయాక ఇల్లు తన పేరు మీదికి మారి, దాంతోపాటు పైపు కనెక్షనూ వచ్చింది. పెళ్లయ్యాక తెల్లవార్లూ నిద్రపోవడం అదే మొదలని ఆవిడే అందరికీ చెబుతుంది. అయినా ట్యాంకరు వచ్చినప్పుడల్లా వచ్చి నిలబడుతుంది. అలవాటు.

"ఏమర్రా, అందరూ ఇట్రండి" అంది ఎస్తేరు ఆంటీ. కుసుమ బిందె తీసి వరస మధ్యలో పెట్టింది. "పంచదార అడిగితే ఇచ్చుకుంటాం, తోడు అడిగితే ఇచ్చుకుంటాం. ఇది మాత్రం ఇచ్చుకోమా? తలా ఒక గ్లాసు పొయ్యండి. ఈ పిల్లకి ఇవాళ తనిఖీ."

"నాకే చాలదు ఆంటీ, మా కవలలతో" అని గొణిగింది ఒకావిడ.

"నీ కవలలు పుట్టినప్పుడు వారం రోజులు నీ ఇంటికి చారు ఎవరు పంపారే?"

ఆవిడ గ్లాసు నిండా పోసింది. తర్వాత ఎవరినీ అడగాల్సిన పని లేకపోయింది. ఒకరు గ్లాసుతో, ఒకరు దోసిలితో, ఒకరు బాబి పాలసీసాతో పోశారు. రేవతి దగ్గర ఇవ్వడానికేమీ లేదు కాబట్టి బిందె కదలకుండా పట్టుకుంది. సగం పైగా నిండింది. కుసుమ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏడవకే పిచ్చిదానా" అని ఎస్తేరు ఆంటీ కొంగుతో ఆమె మొహం తుడిచేసింది. "ఉప్పు పడితే విరిగిపోద్ది."

సరిగ్గా అప్పుడే వీధి మొదట్లో స్కూటరు చప్పుడైంది. ముందు డిక్కీ మీద శాఖ ముద్ర. తనిఖీ అధికారి ఒక గంట ముందే వచ్చేశాడు.

"పరుగెత్తు!" అంది రేవతి.

కుసుమ పరుగెత్తింది. కుడి చంకలో బిందె, ఎడమ చంకలో బాబి, చున్నీ పట్టుకుని వెనక చిన్ను. తొణికితే నిద్ర పోతుంది. ఆగితే కోటా పోతుంది. ఇస్త్రీబండి దగ్గర ఒక చుక్క చింది ఇస్త్రీ అతని చేతి మీద పడింది. అతను చొక్కా మీద తలపెట్టి గుర్రు కొట్టాడు. ఇస్త్రీపెట్టెను పక్కకి లాగి నిలబెట్టి ఎస్తేరు ఆంటీ కూడా పరుగందుకుంది. కుక్కపిల్లను చూసి చిన్ను చున్నీ వదిలేసింది. కుసుమ గిర్రున వెనక్కి తిరిగింది. బిందె ఒరిగింది. ఒక గుక్కెడు నేల మీద పడింది. కుక్కపిల్ల నాకి, అక్కడే కాళ్లు చాపింది.

"కుక్క బజ్జుంది!" అని చిన్ను కేక.

"మనమూ బజ్జుందాం, రా!"

ఇంట్లోకి వచ్చి తలుపు వేసేసరికి స్కూటరు ఇస్త్రీబండి దాటింది. ఎస్తేరు ఆంటీ బాబిని భుజాన వేసుకుంది. కుసుమ చున్నీ కొస ముంచి కళ్ల మీద వేసుకుని మంచం మీద వాలింది. నిద్ర రాలేదు. బాబి ఊపిరి వినిపిస్తోంది. చిన్ను అడుగులు వినిపిస్తున్నాయి. వాటర్ ట్యాంకు ఎంతవరకు నిండిందో కూడా వినిపిస్తోంది.

"ఆంటీ, రావట్లేదు."

"చెవులు మూసుకోకపోతే ఎట్లా వస్తదే?" ఎస్తేరు ఆంటీ ఇంకో గుడ్డ ముంచి ఆమె చెవులకు చుట్టింది. "పిల్లలు నా దగ్గరున్నారు. ఇద్దరూ. విన్నావా? నా దగ్గరున్నారు."

బయట స్కూటరు స్టాండు పడింది. కుసుమ వేళ్లు ఒక్కొక్కటీ వదులయ్యాయి. బెల్లు మోగేసరికి ఆమె నిద్రలో ఉంది.

తనిఖీ అధికారి గోవర్ధనం నెమ్మదస్తుడు. చెప్పులు బయట విడిచి, కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చాడు. మంచం పక్కన నిలబడి శాఖ ఆమోదించిన పరీక్ష చేశాడు. స్టీలుపళ్లెం ఒకటి తెప్పించి నేల మీద పడేశాడు. వీధి చివరి దాకా మోగింది. కుసుమ కదల్లేదు.

"మళ్లీ!" అంది చిన్ను చప్పట్లు కొడుతూ.

నిబంధనల ప్రకారం అతను మళ్లీ పడేశాడు. కుసుమ సన్నగా గురక పెట్టింది.

"నిద్రే" అన్నాడు గోవర్ధనం. సంచీలోంచి ముద్ర తీశాడు. ఎస్తేరు ఆంటీ గుండె కుదుటపడింది. అక్కడే ఆవిడ ఒక పొరపాటు చేసింది. ఇంటికొచ్చిన మనిషిని ఉత్తి చేతులతో పంపడం ఆవిడ ఎరగదు.

"కూర్చోండి సార్, కాఫీ తాగి వెళుదురుగాని" అని వంటింట్లోకి వెళ్లింది. గిన్నె దొరికింది. పాలు దొరికాయి. వేరేవాళ్ల వంటిల్లు కదా, అరలన్నీ వెతికి, అలవాటు కొద్దీ కేకేసింది.

"కుసుమా, పంచదార డబ్బా ఎక్కడ పెట్టావే?"

"పై అరలో, కందిపప్పు వెనకాల. ఎర్రమూత."

జవాబు మంచం మీద నుంచి వచ్చింది. ముద్ర పట్టుకున్న గోవర్ధనం చెయ్యి గాల్లో ఆగింది. ఎస్తేరు ఆంటీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కుసుమ లేచింది. కళ్ల మీది గుడ్డ జారినా కళ్లు మూసుకునే ఉన్నాయి. "మీరుండండి ఆంటీ, నేను పెడతా" అంటూ వంటింట్లోకి నడిచింది. దారిలో చిన్ను ముక్కు తుడిచింది. మోటారు కట్టేసింది. బాబిని అందుకుని చంకనేసుకుంది. కాఫీ కలిపి, గ్లాసు అంచుకి అంటిన నురగ వేలితో తుడిచి, అధికారి చేతిలో పెట్టింది. ఈ మొత్తం సేపూ గురక ఆగలేదు.

"సార్, అది అలవాటు సార్" అంది ఎస్తేరు ఆంటీ. "మనిషి నిద్రలోనే ఉంది. దేవుని తోడు. రద్దు చెయ్యొద్దు సార్, చంటిపిల్లల తల్లి."

గోవర్ధనం కుసుమ మొహం ముందు చెయ్యి ఊపాడు. చెవి దగ్గర చిటికె వేశాడు. నిద్రే. అనుమానం లేదు. నిబంధనల్లో నిద్ర ఉంది, మెలకువ ఉంది, మూడోది లేదు. అతను కాఫీ తాగుతూ ఆలోచించాడు. కాఫీ చాలా బాగుంది. గ్లాసు కింద పెట్టేసరికి అతని మొహం విచ్చుకుంది.

"ఈవిడకి నిద్ర అవసరమే అమ్మా. అది రుజువైంది" అన్నాడు. "ఇంటికి మాత్రం ఈవిడ మెలకువ అవసరం లేదు. అది కూడా రుజువైంది. రద్దు చేసే ప్రశ్నే లేదు. ఇరవైనాలుగు గంటల కనెక్షన్ ఇస్తున్నాను. వంటింట్లోకే."

ట్యాంకరు కేటగిరీ మనిషికి పైపు రావడం ఆ వీధి చూడలేదు. ఎస్తేరు ఆంటీ అతనికి దణ్ణం పెట్టింది. పెట్టాక ఒక చిన్న అనుమానం వచ్చింది.

"ఒక్కసారి లేపి తనకీ ఈ మాట చెబుదామా సార్?"

"ఎందుకమ్మా?" అన్నాడు గోవర్ధనం, నిజంగానే అర్థం కాక. "అన్నీ జరుగుతూనే ఉన్నాయిగా."

మర్నాడే పైపు వేశారు. అప్పటి నుంచి కుసుమ నిద్రలోనే ఉంది. ఉప్మాలో రవ్వే పడుతోంది. మెయిన్‌రోడ్డు ఒక్క ఊపులో దాటుతోంది. కళ్ల కింద నలుపు పోయింది, భుజాల నొప్పి పోయింది. పక్కింటావిడ పలకరిస్తే "మీ అందరి దయ వల్ల హాయిగా ఉన్నానండి" అంటుంది నిద్రలోనే. ఆ మాట మనస్ఫూర్తిగా అంటుంది. గిరిధర్ స్వయంగా వెళ్లి శాఖవారికి స్వీట్లు ఇచ్చి వచ్చాడు. ఇంట్లో ఇప్పుడు ఒక్క గొడవ లేదని ఆఫీసులో చెప్పుకుంటాడు. మిగతా తల్లులు గోవర్ధనం స్కూటరు వెంట పడ్డారు. ఒకరి తర్వాత ఒకరికి పైపులు వచ్చాయి. ట్యాంకరు రావడం మానేసింది. పొద్దున పిల్లల్ని స్కూలు ఆటో ఎక్కించే వేళ చూస్తే, వీధి పొడవునా ఆడవాళ్లు కళ్లు మూసుకుని జడలు అల్లుతూ, సంచులు సర్దుతూ, నవ్వుతూ చేతులూపుతూ కనిపిస్తారు. ఆటోవాడికి ఎప్పుడూ తేడా తెలియలేదు. ఇళ్లలో వాళ్లకూ తెలియలేదు.

ఎస్తేరు ఆంటీ మాత్రం రోజూ మధ్యాహ్నం వస్తుంది. పిల్లలిద్దరినీ తన ఇంటికి తీసుకుపోతుంది. ఆ కాసేపూ, నిలబడి నిద్రపోయే కుసుమ పడుకుని నిద్రపోతుంది. ఇలా తీసుకెళ్లమని ఆవిడకు ఎవరూ చెప్పలేదు. అందుకు ఏ శాఖ అనుమతీ లేదు. కుసుమ రోజంతా ఎదురుచూసేది దాని కోసమే. పైపు ఇచ్చినవారికి ఆమె కృతజ్ఞతలు చెబుతుంది. ఎస్తేరు ఆంటీకి ఏమీ చెప్పదు. వెళ్లేటప్పుడు చెయ్యి పట్టుకుని, ఒక పట్టాన వదలదు.

చిన్నుకు ఇప్పుడు నాలుగేళ్లు నిండాయి. స్కూలుకు వెళ్లేముందు జడ వేయించుకోవడానికి వంటింటి గట్టు మీద కూర్చుంటుంది. ఒక్కోరోజు వెనక్కి తిరిగి, రెండు వేళ్లతో అమ్మ కనురెప్ప మెల్లగా పైకెత్తుతుంది.

"అమ్మా, ఉన్నావా?"

"ఉన్నా తల్లీ" అంటుంది కుసుమ, జడ అల్లుతూనే. "ఐదు నిమిషాలు."

చిన్ను బుద్ధిమంతురాలు. రెప్పను జాగ్రత్తగా కిందికి దించేస్తుంది. ఐదు నిమిషాలంటే ఎంతసేపో తెలిసే వయసు ఇంకా రాలేదు కాబట్టి, అలా కూర్చుని ఎదురుచూస్తుంది.