గొట్టంలో నీళ్లు పెరిగాయి

మనిషిని నీళ్లు పాడుచేస్తాయి! మందు పాడుచేస్తుందని అందరూ అంటారు, పేకాట పాడుచేస్తుందని అంటారు. నీళ్ల సంగతి మాత్రం ఎవరూ నోరు విప్పి చెప్పరు. నేను చెబుతాను, నాకెవరి భయం?

మా తోలా పంపానే తీసుకోండి. ఉప్పు మైదానం ఒడ్డున, ఊపిరి కూడా సరిగా ఆడనంత ఎత్తున ఉన్న ఊరు. ఇక్కడ మా తాతముత్తాతలు ఏం సాధించారు? ఒక ఊట ఉందని, దాని చుట్టూ నాలుగు మడులంత పచ్చిక ఉందని, గొర్రెల్లా ఉన్నినిచ్చే లామాలు మేపుకుంటూ కూర్చున్నారు. లామాలు గడ్డిని చూసుకునేవి, వీళ్లు లామాలను చూసుకునేవారు. ఇదీ ఒక బతుకేనా?

అదృష్టం కొద్దీ కంపెనీ వచ్చింది.

మీ ఫోన్లో, మీ స్కూటర్లో, పొగ రాకుండా మీరు షికారు చేసే కార్లో ఉండే లిథియం మా ఉప్పు కింద ఉందట. కింది ఉప్పునీటిని తోడి చెరువులంత మడుగుల్లో పోస్తారు. ఎండకు నీరంతా ఆకాశానికి పోతుంది, సరుకు అడుగున మిగులుతుంది. నీళ్లను గాలికి వదిలేయడమే పనిగా పెట్టుకున్న పరిశ్రమను ఎడారిలో కాక ఇంకెక్కడ పెడతారు, మీరే చెప్పండి!

లాభాలు ఒకటా రెండా? ఫ్లెమింగోలు వెళ్లిపోయాయి. పొద్దున్నే వాటి గోలకు నిద్ర పట్టేది కాదు. బడికి కంపెనీ వారు బ్యాటరీ వ్యాన్ బహూకరించారు. ఊళ్లో కరెంటు లేదు కదా, డీజిల్ జనరేటర్‌తో చార్జింగ్ పెడుతున్నాం. పొగంతా బడి కిటికీ దగ్గరే ఆగిపోతుంది, వ్యాన్ మాత్రం పరిశుభ్రంగా తిరుగుతుంది. ఇక లారీల దుమ్ము లేవకుండా ట్యాంకర్లు రోజూ రోడ్డు మీద మంచినీళ్లు చల్లుతాయి. మా ఊళ్లో నిత్యం స్నానం చేసే భాగ్యం ఆ రోడ్డుకొక్కదానికే ఉంది.

మా మేనల్లుడు ఎలియాసర్‌కు కాపలా ఉద్యోగం కూడా వచ్చింది. వాళ్ల తాత తవ్విన బావి దగ్గరికి వాళ్ల తాతను రానివ్వకుండా చూడడం వాడి డ్యూటీ. టోపీ ఇచ్చారు, విజిల్ ఇచ్చారు!

ఇక నా సంగతి. ఊళ్లో ఉన్న ఒకే ఒక్క కొట్టు నాది. ఊట బాగున్న రోజుల్లో నా దగ్గర నీళ్ల సీసా కొన్న పాపాన ఒక్కడూ పోలేదు. ఇప్పుడు వాటికి క్యూ కడుతున్నారు. నేను అభివృద్ధి చెందలేదని ఎవడనగలడు?

ఇంత మేలు జరుగుతుంటే అడ్డం పడింది మా సెనోబియా పిన్ని. ఊటకు దగ్గరగా, పచ్చికను ఆనుకుని ఉంటుంది ఆవిడ ఇల్లు. ఆ ఊట పైనే రెండో బోరు వేస్తామని కంపెనీ అనగానే చర్చి ముందు బైఠాయించింది.

"మొదటి బోరుకే సగం పచ్చిక పోయింది. రెండోది వేస్తే నా లామాలకు ఏం పెట్టను? మీ బ్యాటరీలు పెట్టనా?" అంది.

కంపెనీ వారు మర్యాదస్తులు. నేల కింది నీటిమట్టం చూడడానికి పచ్చికలో ఒక కొలత గొట్టం దింపారు. ఆగస్టు దాటేలోగా అందులో నీరు తగ్గితే బోరు వేయం, తగ్గకపోతే వేస్తాం అన్నారు. ఊరంతా సరేనంది. నీరు తగ్గుతోందని మాకు తెలుసు కదా, గొట్టానికి తెలియకపోతుందా అనుకున్నాం.

ఆగస్టు వచ్చింది. మాకది పచమామా నెల. భూమి తల్లి ఆకలితో లేచే నెల. ఆవిడ తిననిదే మేం తినం, ఆవిడ తాగనిదే మేం తాగం. పిన్ని పెరట్లో రాయి కింద ఒక గుంట ఉంది. ఏటా దాన్నే తవ్వి, తడిమట్టి కనిపించాక వడ్డిస్తాం. తడిమట్టి కనిపించిందంటే అమ్మ నోరు తెరిచినట్టు.

ఈసారి ఎంత తవ్వినా పొడిమట్టే! పార మోగుతోంది గానీ తడి లేదు.

"అలిగిందర్రా" అంది పిన్ని. కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతలోనే పచ్చిక వైపు చూసింది. గొట్టం మూతను ఆగస్టు గాలి ఎప్పుడో ఎత్తుకుపోయింది. "అదుగో నోరు! లోపలిదాకా ఉంది. పదండి!"

"అమ్మమ్మా, అది కంపెనీ గొట్టం" అని ఎలియాసర్ విజిల్ నోట్లో పెట్టుకున్నాడు.

"గొట్టం కంపెనీదేరా. కింద ఉన్నది మీ అమ్మమ్మకు అమ్మమ్మ. తప్పుకో ముందు."

వాడు తప్పుకున్నాడు. తర్వాత టోపీ తీసి వాడూ వరసలో నిలబడ్డాడు. ఊరు ఊరంతా వడ్డించింది. గుప్పెళ్లకొద్దీ కోకా ఆకు, మొక్కజొన్న జావ, లామా మాంసం పులుసు, ఆపైన కడవలకొద్దీ చీచా. చీచా అంటే మా మొక్కజొన్న కల్లు. మొదట్లో గొట్టం గటగటా తాగింది. పాపం ఎంత దాహమో అని ముసలమ్మలు కళ్లొత్తుకున్నారు. జావ అడుగున పేరుకుని దారి మూసేసిందని ఎవరికి తెలుసు? కాసేపటికి చీచా అంచుదాకా వచ్చి నిలబడింది. అమ్మ కడుపు నిండింది! అందరం కౌగిలించుకున్నాం.

గడువు నాటికి కంపెనీ ఇంజనీరు లెయాంద్రో గారు వచ్చారు. నీరు తగలగానే కూతపెట్టే టేపు ఒకటి గొట్టంలోకి వదిలారు. అలా వదిలారో లేదో కుయ్యిమంది!

"నీరు పెరిగింది!" అన్నారాయన.

"నాయనా, అది నీరు కాదు, చీచా. మేమే పోశాం. కావాలంటే వాసన చూడు" అంది పిన్ని.

ఆయన వంగి వాసన చూశారు. ఆయనకూ తెలిసిపోయింది, పెదవి చివర నవ్వు నేను చూశాను.

"అమ్మగారూ, తడి తగిలిందా లేదా అన్నదే ఈ పరికరం చెబుతుంది. అది ఏ తడి అన్నది దీనికి అనవసరం."

"దానికి అనవసరం, సరే. మరి నీకు?"

ఆయన టేపు చుట్టుకున్నారు.

మేం జిల్లా ఆఫీసుకు పరిగెత్తాం. అక్కడి అధికారి ఓపిగ్గా విడమరిచి చెప్పాడు. అది నీరైతే నీరు పెరిగినట్టే, కాబట్టి బోరు వేయొచ్చు. చీచా అయితే కంపెనీ పరికరాన్ని మేం పాడుచేసినట్టు, కాబట్టి మా మీద కేసు. రెంట్లో ఏది కావాలో మమ్మల్నే ఎంచుకోమన్నాడు. ఇంత స్వేచ్ఛ ఏ దేశంలో ఉంటుందండీ!

బోరు ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. బ్యానర్లు కట్టారు, ఫొటోగ్రాఫర్లను పిలిపించారు. స్థానిక సంప్రదాయమంటే కంపెనీకి మహా గౌరవం. భూమి తల్లికి మొదటి చీచా పిన్ని చేతనే పోయించాలని పట్టుబట్టారు. పిన్ని పండగ టోపీ పెట్టుకుని వచ్చింది, చేతులు మాత్రం ఖాళీ.

"చీచా ఏదమ్మగారూ?" అన్నారు లెయాంద్రో గారు.

"కాయడానికి నీళ్లేవి నాయనా? ఆవిడ సొత్తంతా మీ దగ్గరే ఉంది కదా. మీరే పోయండి."

ఆయన తన సీసాలోంచి ఇన్ని నీళ్లు వంచారు. ఆ సీసా నా కొట్లోదే. చప్పట్లు కొట్టారు, మీట నొక్కారు. ఏడాది తిరగకముందే ఊట పోయింది. పిన్ని లామాలు బక్కచిక్కి, దిగువ ఊళ్లకు పోయే లారీ ఎక్కాయి. వాటి చెవులకు తను కట్టిన ఎర్ర ఉన్ని పువ్వులు ఒక్కొక్కటీ విప్పి ఒళ్లో పెట్టుకుంది ఆవిడ. నాకు ఏడుపొచ్చింది. కొట్లోకి పోయి తలుపేసుకున్నాను.

అయినా మీరు బెంగపెట్టుకోకండి, మీ కార్లు ఆపుకోకండి. మా నీటికొచ్చిన లోటేమీ లేదని ఘనమైన సాక్ష్యం ఉంది. ఆ గొట్టానికి ఇప్పుడు గట్టి మూత వేసి తాళం బిగించారు. లెయాంద్రో గారు నెలనెలా వచ్చి తాళం తీసి, పిన్ని పోసిన చీచాను కొలుచుకుని వెళ్తున్నారు. ఇప్పటిదాకా చుక్క తగ్గలేదు!