పంచముఖ కూర్మం ఫైలు

సముద్రం లేని రాష్ట్రంలో సముద్రపు జీవికి జబ్బు చేయరాదు. ఈ నియమం ఏ పుస్తకంలోనూ అచ్చు కాలేదు గానీ, 1955లో బళ్ళారిలోని జలచర స్థలచర రోగ నివారణ కచేరీవారు దాన్ని ప్రాణంతో సమానంగా కాపాడుతూ వచ్చారు. (జిల్లా మైసూరులో కలిసి అప్పటికి రెండేళ్లు. మద్రాసు కింద ఉన్నన్నాళ్లూ, కాగితం మీదైనా, మనకూ ఒక సముద్రం ఉండేది.)

ఆ నియమాన్ని మొట్టమొదట ఉల్లంఘించింది ఒక తాబేలు. శ్రావణమాసంలో ఎగ్జిబిషన్ కంపెనీవాళ్లు దాన్ని రేకు తొట్టెలో పెట్టి ఊరికి తెచ్చి, ‘పంచముఖ కూర్మం’ అని బోర్డు కట్టారు. ముఖం ఒకటే. తక్కిన నాలుగూ మెడ చుట్టూ, కళ్ల పక్కనా మొలిచిన కంతులు, ఒక్కొక్కటి గుత్తివంకాయంత. జనం టికెట్టు కొని, టెంకాయలు కొట్టి, నాలుగు కంతులకూ విడివిడిగా కుంకుమ పెట్టి పోయారు. నాలుగో రోజున పశువుల డాక్టరు రాజగోపాలయ్య పిల్లలతో వచ్చి చూసి, ఇవి ముఖాలు కావు, రోగం అని పైకే అనేశాడు. తెల్లారేసరికి కంపెనీవాళ్లు గుంతకల్లు రైలెక్కారు. తాబేలు మిగిలింది. దిక్కులేని జీవి సర్కారుది కనుక దాన్ని కచేరీ వెనక పశువుల నీళ్ల తొట్టెలో వేశారు.

పిచ్చయ్య దాన్ని చూసింది అక్కడే. కప్పగల్లులో కాలవ కింద పొలం తీసుకుని బాపట్ల వైపు నుంచి వచ్చిన రైతు ఆయన. ఎద్దుకు టీకా వేయిద్దామని వచ్చి, ఎద్దును మరిచిపోయి తొట్టె దగ్గర నిలబడిపోయాడు. పుట్టింది సముద్రపు ఒడ్డున. చిన్నతనంలో ఇసుక తవ్వి తాబేలు గుడ్లు గంపలకెత్తి ఇంటికి మోసినవాడే. ఇప్పుడు ఆ ఒడ్డుకు ఏడాదికొక తాబేలు వచ్చినా గొప్పేనని అక్కడే ఉండిపోయిన పెద్దన్న ఉత్తరం రాశాడు. ఆ పాపంలో తన వాటా ఎంతో పిచ్చయ్యకు బాగా తెలుసు.

తొట్టెలో ఎవరో ఆకులు వేశారు. తాబేలు వాటికి జానెడు దూరంలో నోరు తెరిచి వెతుక్కుంటోంది. ఒక కన్ను కంతి కింద పూర్తిగా మూసుకుపోయింది. రెండోది సగం. పిచ్చయ్య తొట్టె మీదికి వంగాడు. ఒక ఆకు తీసి నోటికందించాడు. తింది. ఆనాటి నుంచి రోజూ బండి కట్టుకుని బచ్చలాకుతో, రాళ్ల ఉప్పు మూటతో రావడం మొదలుపెట్టాడు. ఉప్పు తొట్టెలో కలపడానికి. “ఇంట్లో ఆవకాయకి ఉప్పు చాలక నేను ఏడుస్తుంటే, ఈయనగారు బళ్ళారిలో సముద్రం పోస్తన్నారు” అని భార్య శివపార్వతి ఇరుగుపొరుగుకు చెప్పుకుని నవ్వేది. మూట కట్టి ఇచ్చేది మాత్రం ఆవిడే.

కంతులు కోస్తే చూపు వస్తుందని, అరగంట పనేనని రాజగోపాలయ్య చెప్పాడు. మళ్లీ మొలవవచ్చు, మొలిస్తే మళ్లీ కోయాలి, అంతే. కాకపోతే అనుమతి కావాలి. ఆయన నిజాయితీపరుడు. (ఈ కథలో జరిగిన అనర్థాలన్నిటికీ మూలం ఇదే.) రిపోర్టులో ఉన్నదున్నట్టు రాశాడు: ‘ఇది వైరస్ వల్ల కావచ్చును. ఒక సముద్రపు తాబేలు నుంచి మరొక సముద్రపు తాబేలుకు సోకవచ్చును.’

కచేరీ అధికారి విరూపాక్షయ్య ‘సోకవచ్చును’ కింద ఎర్ర సిరాతో గీత గీశాడు. అంటురోగమైతే తొమ్మిదో నియమం వర్తిస్తుంది. జబ్బుపడిన జీవిపై కత్తి పెట్టే ముందు, జిల్లాలో ఆ జాతికి చెందిన ఆరోగ్యవంతమైన జీవులన్నిటినీ లెక్కించి, వేరుగా కట్టేయవలెను. నియమం రాసినవాళ్లు ఎద్దులను తలుచుకుని రాశారన్నది నిజమే. తాబేలుకు వర్తించదని మాత్రం ఎక్కడా రాయలేదు.

జిల్లాలోని కరణాలందరికీ ఫారాలు వెళ్లాయి: మీ గ్రామంలో సముద్రపు తాబేళ్లు ఎన్ని? అన్ని ఊళ్ల నుంచీ ‘లేవు’ అని వచ్చింది. లేవనడానికి ఇద్దరు సాక్షుల వేలిముద్రలు లేవని అన్నీ తిరిగి వెళ్లాయి. సంక్రాంతి దాటాక, లేని తాబేళ్లను కళ్లారా చూసిన సాక్షులతో సహా మళ్లీ వచ్చాయి. సిరుగుప్ప తాలూకాలో ఒక కరణం మాత్రం లోకం తెలిసినవాడు. లేవంటే ఎందుకు లేవని మళ్లీ కాగితం వస్తుందని ఊహించి ‘రెండు’ అని రాసి సీలు కొట్టాడు.

కచేరీ ఆనందానికి హద్దు లేదు. రిజిస్టరులో మొత్తం మూడు చేరాయి: రోగి ఒకటి, ఆరోగ్యవంతులు రెండు. ఇక ఆ రెండింటినీ పట్టి కట్టేస్తే చాలు, మర్నాడే కత్తి పెట్టవచ్చు. వెతకడానికి మనుషులు బయలుదేరారు.

పిచ్చయ్య వారానికోసారి గుమాస్తా గాళెప్ప బల్ల ముందు నిలబడేవాడు. గాళెప్ప చెడ్డవాడు కాదు. కూర్చోబెట్టి, కాఫీ తెప్పించి, ‘నోడోణ’ అనేవాడు. (చూద్దామని అర్థం. చూసినవారు లేరు.) ఒకరోజు పిచ్చయ్యకు ఓపిక చచ్చింది.

“ఆ రెండు తాబేళ్లూ లేవండీ గాళెప్పగారూ. ఆ కరణం ఊరికే రాశాడు. ఈ తాబేలుకేమో రెండో కన్ను కూడా పోతంది.”

గాళెప్ప నొచ్చుకున్నాడు. “లేవంటే ఎట్లప్పా? కరణం సీలేసినాడు. నీకాడ సీలుండాదా?”

పిచ్చయ్య దగ్గర సీలు లేదు.

వేసవి వచ్చింది. రెండో కన్నూ మూసుకుంది. నోటికి అందించిన ఆకును కూడా వాసన పట్టలేక వదిలేస్తోంది. అది చూసి రాజగోపాలయ్య ఒక ఆదివారం మధ్యాహ్నం సంచీతో వచ్చాడు. కచేరీకి సెలవు. పిచ్చయ్య ఉన్నాడు.

“పిచ్చయ్యప్పా, ఈ పొద్దు నేను ఈడికి రాలేదు, నువ్వూ రాలేదు. మెడ గట్టిగా పట్టుకో” అన్నాడు డాక్టరు.

అరగంట పట్టలేదు. నాలుగు కంతులూ పోయాయి. మూడో రోజుకు తాబేలు రెండు కళ్లూ తెరిచి, తొట్టెలో ఈ మూల నుంచి ఆ మూలకు ఈది, నీళ్ల మీది బచ్చలాకును తనంతట తాను పట్టుకుంది. పిచ్చయ్య తొట్టె గట్టున కూలబడి, తలగుడ్డ నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. సంతోషంతోనే. ఇంటికెళ్లి చెబితే శివపార్వతి సేమ్యా పాయసం చేసింది.

నెల తిరక్కముందే తనిఖీ జరిగింది. ఫైలులో కంతులు నాలుగు. తాబేలుకు సున్న. విరూపాక్షయ్య మూడుసార్లు లెక్కపెట్టించాడు. సర్కారు అధీనంలోని జీవి సర్కారుకు చెప్పకుండా కోలుకోవడం ఆయన ఉద్యోగ జీవితంలో ఎన్నడూ ఎరగడు. ఉత్తర్వు వెలువడింది: ‘అనుమతి లేని ఈ ఆరోగ్యం చెల్లదు. మూడు నెలలలోగా సదరు తాబేలు ఫైలులో ఉన్న స్థితికి రావలెను.’ రాజగోపాలయ్యను చిత్రదుర్గానికి మార్చారు. పోతూ పోతూ ఆయన, మళ్లీ మొలిస్తే ఎవరు కోస్తారో తెలియదని పిచ్చయ్య చేయి పట్టుకుని చెప్పి రైలెక్కాడు.

ఉత్తర్వును తాబేలు చదవలేదు. అయినా రెండు నెలలకు పాత చోట్లలోనే గింజంత గింజంత లేచాయి. మూడో నెలకు కళ్లు మూతపడ్డాయి. తనిఖీవారు వచ్చి లెక్కపెట్టి, ‘ఉత్తర్వు అమలైనది. కంతులు ఐదు (ఒకటి అదనం)’ అని రాసుకున్నారు. ఆ కచేరీ చరిత్రలో గడువులోగా అమలైన ఉత్తర్వు అదొక్కటే. పిచ్చయ్య కొత్త డాక్టరు దగ్గరికి పరుగెత్తాడు. కొత్త డాక్టరు, రాజగోపాలయ్య బదిలీ సంగతి విని వచ్చినవాడు. తొమ్మిదో నియమం చదివి వినిపించి పంపాడు.

1956 నవంబరు ఒకటిన సరిహద్దులు మళ్లీ జరిగి, మన రాష్ట్రానికీ సముద్రం వచ్చింది. అంతకు ఎనిమిది రోజుల ముందు పొద్దున్నే బచ్చలాకుతో వచ్చిన పిచ్చయ్యకు, తాబేలు తొట్టె అడుగున కదలకుండా కనిపించింది.

దాన్ని తన చేలో పూడ్చుకుంటానని అడగడానికి లోపలికి వెళ్లాడు. అడగబోయి తలగుడ్డతో కళ్లు ఒత్తుకున్నాడు. గాళెప్ప నిజంగానే జాలిపడ్డాడు. లేచి వచ్చి, భుజం మీద చేయి వేసి కూర్చోబెట్టాడు. రిజిస్టరు తెరిచి, మూడు కొట్టేసి, పక్కన ఇంకో అంకె వేశాడు. సిరా ఆరేదాకా ఊది, పిచ్చయ్య కళ్లు తుడుచుకుని చూసేట్టు ముందుకు జరిపాడు.

“బాధపడొద్దప్పా” అన్నాడు. “ఇంకా రెండుండాయి. రెండూ బాగుండాయి.”