పన్ను రెప్ప వేసిన వృత్తాంతము

వినుడు, సూర్యుండు మేడల మీదికి ప్రాకి, వీధిలోని షట్టర్లన్నియు గణగణధ్వానములతో పైకి లేచిన ఒక శనివార ప్రభాతంబున, సకలదంతకీటకసంహారిణియగు పిల్లల పళ్ల డాక్టరమ్మయు, ఆమెకు వయసులో తమ్ముడును మాటలలో తాతయు నగు కీబోర్డుమర్దనదక్షుండును, క్లినిక్కులో ఒకే ల్యాప్‌టాపునకు ఇరువైపుల శత్రురాజుల వలె కూర్చుండిరి.

కలహకారణంబు ఒక ఆరేళ్ల పిల్ల. పుచ్చిన దవడపన్నుతో అన్నము నమలలేక ఏడ్చుచు మూడుమార్లు వచ్చియు, మూడుమార్లును పెదవులు బిగించుకొని వెడలిపోయెను. సోమవారము మరల వచ్చును. కన్నుగీటు పన్ను బొమ్మను తెరపై చూపిన నోరు తెరచునేమోయని డాక్టరమ్మ ఆశ.

ఆ ఆశకై నెలదినములుగా యానిమేషన్ సాఫ్ట్‌వేర్లపై దండయాత్ర సాగెను. ఒకదానిని ఎక్కించినంతనే ల్యాప్‌టాపు మూర్ఛిల్లెను. వేరొకటి వేయి మీటలతో వెక్కిరించెను. ఇక కెమెరాల సంగతి ఏమని చెప్పుదును, నా ఖర్మ! ఏది కొనవలెనో తెలుపు వీడియోలు నూటపదకొండు చూచిరి, తాము ఒక్కటియు తీయరైరి.

అంతట తమ్ముడు మేఘగంభీరస్వరంబున పలికెను.

"అక్కా, ఈ త్రీడీదే తీసుకుందాం. పన్ను లోపలి నరం కూడా కనిపిస్తుంది."

"నరం చూపిస్తే పిల్ల కాదురా, నేనే పారిపోతాను."

"నాలుగు కెమెరాలు కూడా కావాలి. కోణానికొకటి."

"ఉన్నది ఒక్క పన్నేరా నాయనా. పక్కకి జరుగు."

ఇట్లు పలికి, రోషారుణనేత్రయై, బీరువాలోని ప్లాస్టరు పన్నును బయటకు లాగి, పళ్ల అచ్చులకు వాడు గులాబిరంగు మైనముతో దానికి రెప్పలు దిద్ది, రోగుల కుర్చీపై వ్రేలాడు దీపమునకు తన ఫోనును బ్యాండేజితో బంధించి, రెప్పను వెంట్రుకవాసి కదుపుచు నలుబది ఫొటోలు తీసెను. తమ్ముడు తొలినాడే పిల్లలాటయని తోసిపుచ్చిన ఉచిత సాఫ్ట్‌వేరు ఆ ఫొటోలను కిక్కురుమనక చలనచిత్రముగ అతికించెను. అయ్యో, ఫొటోలు తీయుచుండగనే పాతదీపపు వేడికి ఒక రెప్ప కరగి బుగ్గపైకి జారి, అదియు చిత్రమున పడెను! మరల తీయ తీరిక లేదు.

సోమవారమున ఆ పిల్ల కుర్చీ నధిష్ఠించి, పెదవులు బిగించి, తెరను చూచెను. పన్ను రెప్ప వేసెను. రెప్ప జారెను.

"ఆంటీ, దాని కన్ను కారిపోతోంది," అని పిల్ల పకపక నవ్వెను. డాక్టరమ్మ చేతి అద్దము మెరుపువలె లోనికి దూరెను.

"త్రీడీ అయితే కారేది కాదు," అని తమ్ముడు గొణిగెను.

"నువ్వు మూసుకో నోరు. తెరవాల్సినవాళ్లు తెరిచారు."

ఇవ్విధంబున, నాలుగు సెకన్ల చలనచిత్రముచే, రెండు వ్రేళ్ల వెడల్పున, పండ్రెండు సెకన్ల కాలము, ఒక నోరు జయింపబడెననియు, పన్ను పీకనక్కరలేదు, పూడ్చిన చాలుననియు అష్టదిక్కులకు చాటుడు!