మానుమీది పాస్‌వర్డులు

ఆ అడవి చాలా పెద్దది. అందులో దొంగలు మాత్రం చిన్నచిన్నవాళ్ళు. అందుకే ఎవరికీ దొరికేవాళ్ళు కాదు. వానాకాలానికని ఎవరేం దాచుకున్నా నాలుగు రోజుల్లో మాయమయ్యేది.

మృగరాజుగారి కార్యదర్శి జంబుకరావు అనే నక్క. ఆయన ఒక పథకం వేశాడు. కొండచరియలో వరసగా గూళ్ళు తొలిపించాడు. ఒక్కో గూటికి ఒక్కో రాతి తలుపు. ఎవరి గూటికి వాళ్ళదే ఒక రహస్య మాట. కాపలా ఉండే అడవిదున్న చెవిలో ఆ మాట చెబితేనే తలుపు జరుగుతుంది.

"దీన్నే పాస్‌వర్డ్ అంటారు," అన్నాడు ప్రారంభోత్సవంలో. "ఇక చీమ కూడా దూరలేదు!"

చీమలు నొచ్చుకున్నాయి. మిగతావాళ్ళంతా చప్పట్లు కొట్టారు.

వచ్చేపోయేవాళ్ళను నమోదు చెయ్యడానికి టకటకయ్య అనే వడ్రంగిపిట్టను పెట్టారు. అతను మహా నిక్కచ్చి. దున్న కొమ్ముమీద కూర్చుని చెవిలో చెప్పిందంతా వినేవాడు. విన్నది విన్నట్టు దారి పక్కనున్న ఎండు మద్దిమానుమీద చెక్కేవాడు. ఎవరు వచ్చారు, ఎప్పుడొచ్చారు, ఏ మాట చెప్పారు, తలుపు తెరుచుకుందా లేదా. ఏదీ వదిలేవాడు కాదు.

ఆఫీసు రికార్డును ఎవరైనా చదువుతారని ఆ ఆఫీసులో ఎవరికీ తట్టలేదు.

పొలుసయ్య అనే అలుగు ఒకరోజు చెదపురుగుల కోసం ఆ మాను దగ్గరికి వెళ్ళాడు. నాలుక చాపబోయి ఆగిపోయాడు.

'చారలమ్మ, ఉడత. పొద్దున. చిట్టిబుల్లోడు. తెరుచుకుంది.'

దాని కిందే, 'పొలుసయ్య, అలుగు. మధ్యాహ్నం. చెదలంటే ప్రాణం. తెరుచుకుంది.'

పొలుసయ్యకు పొలుసులు నిక్కబొడుచుకున్నాయి. తిండి సంగతి మరిచిపోయి ఆఫీసుకు పరుగెత్తాడు.

"అయ్యా, అందరి పాస్‌వర్డులూ దారి పక్కన చెక్కి ఉన్నాయండీ! ఎవరైనా చూస్తే కొంప మునుగుతుంది."

జంబుకరావు మీసం సవరించుకున్నాడు. "నువ్వెందుకు చూశావయ్యా?"

"దారిలోనే ఉంది కదండీ."

"దారున్నది నడవడానికి. చదవమని ఎవరు చెప్పారు?"

టకటకయ్యను పిలిపించారు. అతను తల ఎగరేశాడు. "అది లోపం కాదు సార్, సదుపాయం. మాట మర్చిపోయినవాళ్ళు వచ్చి చూసుకోవచ్చు."

"విన్నావా? సదుపాయం!" అన్నాడు జంబుకరావు. మంత్రివర్గానికి ఈ సంగతి తెలిస్తే పథకం పరువు పోతుందని ఆయన భయం. రికార్డును అక్రమంగా చదివిన నేరానికి పొలుసయ్యను అక్కడికక్కడే ఒక చెట్టుతొర్రలో పెట్టించి, ముందు బండ అడ్డం వేయించాడు. ఆపైన ముందుజాగ్రత్తగా మానుకు ఒక నోటీసు కట్టించాడు.

'ఈ మానుమీద అందరి పాస్‌వర్డులు ఉన్నాయి. ఎవరూ చూడరాదు.'

అంతవరకూ ఆ మానువైపు తల తిప్పనివాళ్ళు కూడా సాయంత్రానికి వరసలో నిలబడ్డారు. కోతులైతే పిల్లాజెల్లాతో వచ్చాయి.

మూడోరోజుకు పదకొండు గూళ్ళు ఖాళీ. జంతువులన్నీ గోలగోలగా మృగరాజు గుహ ముందు చేరాయి. సింహం ఆవలిస్తూ బయటికొచ్చింది.

"ఎక్కడా ఏ పాస్‌వర్డూ బయటపడలేదు ప్రభూ," అన్నాడు జంబుకరావు. "ఇదంతా ఆ అలుగు పని."

పొలుసయ్యను తీసుకొచ్చారు. పాపం, చెదలు లేక చిక్కిపోయాడు. "నేను మూడు రోజులుగా మీ తొర్రలోనే ఉన్నాను కదండీ," అన్నాడు నీరసంగా. "దొంగతనాలు నిన్న జరిగాయట."

చారలమ్మ ముందుకొచ్చింది. "నా గింజలు పోయాయి. మళ్ళీ ఏరుకుంటాను. కానీ చిట్టిబుల్లోడంటే పోయినేడు వాగులో కొట్టుకుపోయిన నా బిడ్డ. ఆ పేరు తలుపు దగ్గర తప్ప ఎక్కడా పలకలేదు నేను. ఇవాళ దారి పక్క మానుమీద చదివొచ్చి కోతులు కొమ్మకొమ్మనా అరుస్తున్నాయి."

సింహం ఆవలింత మింగింది.

"ఆ మానుమీద ఏముందో నేనే వింటాను. చదవవయ్యా పిట్టా."

"వద్దు ప్రభూ!" జంబుకరావు అడ్డం వచ్చాడు. "జంతువుల గోప్యత..."

"చదవమన్నాను."

అందరూ మాను దగ్గరికి నడిచారు. టకటకయ్య గొంతు సవరించుకుని, హాజరు పిలిచినట్టు మొదలుపెట్టాడు. "గండయ్య, ఎలుగు. పొద్దున. తేనెపట్టు. తెరుచుకుంది. జంబుకరావుగారు, నక్క. మధ్యాహ్నం. ముసలి సింహం నా గుప్పిట్లో. తెరుచుకుంది. జంబుకరావుగారు, నక్క. సాయంత్రం. ముసలి సింహం నా గుప్పిట్లో. తెరుచుకుంది."

సింహం మెల్లగా జంబుకరావు వైపు తిరిగింది.

"రోజుకు రెండుసార్లా?" అంది సింహం.

"పండగ రోజుల్లో మూడు, ప్రభూ," అన్నాడు టకటకయ్య. నిక్కచ్చి మనిషి మరి.

జంబుకరావు తోక కాళ్ళ మధ్యకు చేరింది. "ఎవరూ ఊహించలేని మాట పెట్టుకోవాలని నిబంధన ఉంది ప్రభూ! అందుకని..."

"నిజమే," అంది సింహం. "నేను ఊహించలేదు."

టకటకయ్య ఇంకా చదువుతూనే ఉన్నాడు. "మృగరాజుగారు, సింహం. పొద్దున..."

"చాలు!" సింహం గర్జించింది. "ఆ మానును ఇప్పుడే ఏట్లోకి తోసెయ్యండి!"

దున్న తోసేసింది. మాను తేలుకుంటూ పోయింది. పొద్దుగూకకముందే జంబుకరావూ ఆ దారినే పోయాడు. దిగువ అడవిలో భద్రతా సలహాదారుగా చేరాడని తరవాత తెలిసింది.

పొలుసయ్యను వదిలేశారు. అయితే వదిలే ముందు, ఇకమీదట ఏదీ చదవనని అతని చేత రాయించుకుని వేలిముద్ర వేయించుకున్నారు. ఇంటికి పోతుంటే చారలమ్మ ఎదురొచ్చింది.

"అన్నా, నీ మాట ముందే వినుంటే ఇంతయ్యేది కాదు. కొత్త గూళ్ళు ఇస్తారట. మళ్ళీ మాట పెట్టుకోమంటున్నారు. ఏం పెట్టుకోను?"

పొలుసయ్య అటూ ఇటూ చూశాడు. దున్న కొమ్ముమీద టకటకయ్య ముక్కు నూరుకుంటున్నాడు. కొత్త మాను అప్పుడే పాతుతున్నారు.

"గింజలు బుగ్గలో పెట్టుకో చెల్లీ," అన్నాడు.

నీతి: తలుపుకు కన్నం కనబడితే ముందు దాన్ని చూసినవాణ్ణి పట్టుకోవాలి. కన్నం ఎక్కడికీ పారిపోదు.