రాని రైలే మేలు

వరద పాత వంతెనను ఎత్తుకుపోయిన ఏడాది మా ఊరికి సిటీ రైలు మంజూరైంది. ఇప్పటికీ రాలేదు. రైళ్లన్నిటిలోకీ రాని రైలే గొప్పదని నేనంటాను. కాదనేవాళ్లు ముందు ఖర్చు చూడండి!

భూమి కింద మెట్రో అయితే ఊరంతా అమ్మినా సొరంగం సగందాకే వస్తుందట. స్తంభాల మీద మెట్రో కొంత చవక. కాకపోతే మేడ మీద బట్టలారేసేవాళ్లూ, రైల్లో పోయేవాళ్లూ రోజూ మొహమొహాలు చూసుకోవాలి. మోనోరైలుది ఒంటికాలి జపం. మధ్యలో ఆగిందంటే దిగడానికి నిచ్చెన వెతకాలి. ట్రామ్ అన్నిటికంటే చవక. కానీ దాని పట్టాల మీద ఎవడో స్కూటర్ నిలబెట్టి టీకి వెళ్లకుండా ఉంటాడా?

మరి రాని రైలు? టికెట్ లేదు, తోపులాట లేదు. ఏనాడైనా లేటైందా? పట్టాలు తప్పిందా? దీన్నీ వాటినీ పోల్చడానికి నిపుణులు ఏళ్ల తరబడి వస్తూనే ఉన్నారు. పోల్చినంతకాలం వాళ్ల పొయ్యి వెలుగుతుంది. ఇంతకన్నా లాభమేముంది!

ఒక చిన్న సంగతి. రైలు వస్తుంది కదా అని మా వీధి బస్సును ముందే తీసేశారు. మా అక్క ఊరికి ఆ చివర ఉంటుంది. మంచం దిగలేని మనిషి. ప్రతి ఆదివారం బస్సెక్కి వెళ్లి దగ్గర కూర్చునేవాణ్ని. అంత దూరం నడిచే మోకాళ్లు కావు నావి. ఇప్పుడు ఫోనే.

"ఏరా, నీ రైలు ఎందాకా వచ్చింది?"

"కాగితం దాకా, అక్కా."

"త్వరగా రమ్మను. లేకపోతే పైకెళ్లే బండి ముందొస్తుంది. దానికి నిపుణులు అక్కర్లేదు."



మొన్న నా గొడుగుల కొట్టు ఎదురుగా, ఆ ఖాళీ బస్టాపు దగ్గరికి ఒక లెక్కల గుమాస్తా వచ్చాడు. చొక్కా అంతా చెమట.

"లేటైంది తాతా. బస్సు లేదుగా, నడిచొచ్చా."

ఈ దారిలో రైలెక్కేవాళ్లు ఎందరుంటారో తేల్చడం అతని పని. స్టాపులో మనిషి వచ్చి నిలబడితే చేతిలోని మీట నొక్కాలి. సాయంత్రం దాకా కూర్చున్నాడు. ఒక్క నొక్కూ పడలేదు.

"బస్సే రాని స్టాపుకి మనుషులెందుకొస్తారయ్యా?"

"నాకు మాత్రం తెలీదా తాతా? వచ్చినవాళ్లని లెక్కపెట్టమన్నారు గానీ, రానివాళ్లు ఎందుకు రాలేదో అడగమన్లేదు. రేపూ సున్నా అయితే ఈ దారిలో రైలు కొట్టేస్తారు. బస్సూ ఇక రాదు. జనం లేరుగా!"

చూశారా, ఎంత పొదుపో! ముందు కంచం తీసేసి, తర్వాత వీడికి ఆకలి లేదని రాసుకోవడం. ఇలాంటి తెలివి సొరంగం తవ్వినా దొరుకుతుందా?

మర్నాడు పొద్దున్నే కొట్టు తెరిచాను. బాగుచేయమని జనం ఇచ్చిన గొడుగులన్నీ బయటికి తీశాను. నల్ల గొడుగు వేసుకుని స్టాపులో నిలబడ్డాను. టక్కుమని మీట నొక్కాడు. వెనక సందులోంచి కొట్టుకొచ్చి, పూల గొడుగుతో వెళ్లాను. టక్. చిల్లుల గొడుగు. టక్. ఊచ విరిగిన గొడుగు. టక్.

కాసేపటికి నా ఒక్కడితోనే స్టాపు కిక్కిరిసింది. ఎర్ర గొడుగుతో వెళ్లేసరికి గుమాస్తా ఎటో చూస్తూ మెల్లగా అన్నాడు:

"తాతా, అది ఇందాక వచ్చింది. వేరేది పట్రా."